లియొనార్డ్ ఆయిలర్ మహాశయుడు (1707–1783)

కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో గోడకు బిగింపబడిన బరువైన ఇనుపచక్ర మొకటి సామాన్యముగా కానవచ్చును. దానిని ఫ్లైవీలు అందురు. దాని ఇరుసునకు దారము చుట్టి, దారపు కొనకు తూనికరాయిని కట్టి విడిచి, చక్రము తిరిగిన చుట్లను లెక్కించి, గడియారమును చూచుకొని, విద్యార్థులు తుదకొక సంఖ్యను రాబట్టుదురు. ఆ సంఖ్యకు జడత్వ భ్రామకమని పేరు. మన పాఠశాలను విడిచి పై తరగతులలో భౌతికశాస్త్రము చదువబోవు బాలబాలికలకు ఈ ప్రయోగముతో పరిచయము కలుగక తప్పదు. ఆ పేరు పెట్టిన మహనీయుడెవరో, ఆయన ఎట్టి కష్టములనుభవించి ఎట్టి పని చేసెనో ముందుగా తెలిసికొనుట మేలని తలంచి, ఆ చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లియొనార్డ్ ఆయిలర్ 1707 వ సంవత్సరము ఏప్రిలు 15 వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాసెల్ పట్టణమున జన్మించెను. తండ్రియగు పాల్ ఆయిలర్ సంఘకాపరి. బాలుడు పుట్టిన కొలదికాలమునకే ఆ కుటుంబము బాసెలునకు చేరువనున్న రీహెన్ అను గ్రామమునకు తరలిపోయెను. తండ్రి తన విద్యార్థి దశలో గణితశాస్త్రమును ప్రీతితో అభ్యసించినవాడగుటచే, కుమారునకు మొదటి గణిత పాఠములను తానే చెప్పెను. 1720 లో, అనగా పదుమూడేండ్ల ప్రాయముననే, ఆయిలరు బాసెల్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట యూరపులోని గణితవేత్తలలో అగ్రగణ్యుడని పేరొందిన యొహాన్ బెర్నూలీ ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ పండితునకు తీరిక లేనందున, బాలుడు తనంతట తాను కఠిన గ్రంథములను చదువుకొని, తెలియని చోట్లను గుర్తుపెట్టుకొని, శనివారము మధ్యాహ్నములందు మాత్రము పోయి సందేహములను తీర్చుకొనుచుండెను. వారమంతయు తానే శ్రమించి, ఆ ఒక్క పూట అడుగవలసిన ప్రశ్నల సంఖ్యను వీలైనంత తగ్గించుకొనుట ఆయన నియమము. ఇది మన విద్యార్థులు గమనింపదగిన సంగతి.

కుమారుడు తనవలెనే సంఘకాపరి కావలెనని తండ్రి కోరిక. ఆయిలరు ఆ కోరికను మన్నించి దైవశాస్త్రమును, గ్రీకు హీబ్రూ భాషలను కొంతకాలము చదివెను. కాని బెర్నూలీ ఆ తండ్రికి నచ్చజెప్పి, బాలుని గణితమార్గమున నడువనిచ్చునట్లు చేసెను. 1727 లో పారిసు నగరపు విజ్ఞాన పరిషత్తువారు ఓడపై తెరచాప స్తంభములను ఎచ్చట ఎట్లు నిలుపవలెనను ప్రశ్నకు బహుమానము ప్రకటింపగా, సముద్రతీరము లేని దేశమున పుట్టిపెరిగిన ఈ ఇరువది యేండ్ల యువకుడు వ్యాసము వ్రాసి రెండవ స్థానము పొందెను. తరువాతి కాలమున ఆ పరిషత్తు బహుమానము ఆయనకు అనేక పర్యాయములు లభించెను. అయినను స్వంత పట్టణమగు బాసెలులో భౌతికశాస్త్రాచార్య పదవికై చేసిన ప్రయత్నము ఫలింపలేదు. దానితో ఆయన 1727 ఏప్రిలులో స్వదేశమును విడిచి రష్యాకు బయలుదేరెను. మరల బాసెలును చూడలేదు.

రష్యా రాజధానియగు సెంట్ పీటర్స్‌బర్గులో పీటరు చక్రవర్తి సంకల్పమున నెలకొన్న విజ్ఞాన పరిషత్తు అప్పుడే పని ప్రారంభించియుండెను. గురువు కుమారుడగు డేనియల్ బెర్నూలీ అచ్చటనే యుండెను. 1733 లో డేనియలు స్వదేశమునకు మరలిపోగా గణితాచార్య పదవి ఆయిలరునకు దక్కెను. మరుసటి సంవత్సరము ఆయన చిత్రకారుడైన గ్సెల్ అనువాని కుమార్తె కాథరీనాను వివాహమాడెను. వారికి పదుమువ్వురు సంతానము కలిగిరి. వారిలో అయిదుగురు మాత్రమే శైశవమును దాటి బ్రదికిరి. ఒడిలో బిడ్డను పెట్టుకొని, చుట్టును పిల్లలు ఆడుకొనుచుండగా, ఆయన కఠినమైన గణితములను వ్రాయుచుండెడివాడని చెప్పుదురు.

1736 లో ఆయన యంత్రశాస్త్రమును గూర్చి రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. న్యూటను మహాశయుడు రేఖాపటములతో నిరూపించిన చలనసూత్రములను ఆయిలరు ఇందులో కలనగణిత భాషలోనికి తెచ్చెను. కాని ఈ గ్రంథమున చలించు వస్తువు ఒక బిందువుగా భావింపబడినది. బిందువు ముందునకు పోగలదు, వెనుకకు రాగలదు. తనలో తాను తిరుగుట దానికి లేదు. బండిచక్రము, కుమ్మరి సారె, బొంగరము, భూగోళము మొదలగునవి ఎట్లు తిరుగుచున్నవని అడిగినచో ఆ గ్రంథమున సమాధానము లేదు. ఆయిలరు ఈ లోపమును మరువలేదు. దానిని పూరించుటకు ఆయనకు సుమారు ముప్పది సంవత్సరములు పట్టెను.

ఇంతలో మొదటి ఆపద కలిగెను. తీవ్రమైన జ్వరబాధల తరువాత 1738 ప్రాంతమున కుడికంటి చూపు పోయెను. దేశపటములను సరిచూచు పనిలో కన్నులకు మిక్కిలి శ్రమ కలుగుటయే కారణమని ఆయన నమ్మెను. అయినను పని ఒక దినమైనను ఆగలేదు.

1741 లో ప్రష్యా రాజగు ఫ్రెడెరికు ఆహ్వానముపై ఆయిలరు బెర్లినునకు పోయి, అచ్చట ఇరువది యైదేండ్లు గడపెను. ఆ రాజు చమత్కార సంభాషణమునందు ప్రీతికలవాడు. నిరాడంబరుడు, భక్తిపరుడు, మితభాషియు నగు ఆయిలరు ఆయనకు నచ్చలేదు. ఒంటికంటివాడని రాజు పరిహసించుటయు కలదు. సాన్సూసీ ఉద్యానవనమున ఎత్తుగా చిమ్ము నీటి ఫౌంటెను నిర్మింపవలెనని రాజు ఉత్సాహపడినప్పుడు, 1749 లో ఆయిలరు పంపులను, గొట్టములను గూర్చి లెక్కలు కట్టి, గొట్టములలోని నీటి ఒత్తిడి మిక్కిలి హెచ్చుగా నుండుననియు, వాని దళమును ప్రయోగము చేసి నిర్ణయింపవలెననియు హెచ్చరించెను. పనివారు ఆ మాటను పాటింపలేదు. కొయ్య గొట్టములు పగిలిపోయెను. ఆ రాజు జీవితకాలమున ఆ ఫౌంటెను సరిగా పనిచేయలేదు. 1842 లో ఆవిరియంత్రమును నెలకొల్పిన పిమ్మటనే నీరు ఎత్తునకు లేచెను. కాని నింద మాత్రము గణితశాస్త్రము మీదను, ఆయిలరు మీదను పడెను. లెక్క కట్టినవాడే ప్రయోగము చేసి చూడుడని కోరెనను సంగతి లోకమునకు చాలకాలము తెలియలేదు.

బెర్లినులోనే తిరుగు వస్తువుల శాస్త్రము రూపు దాల్చెను. ఇచ్చట విషయమును కొంచెము వివరింపవలసియున్నది. నిలిచియున్న వస్తువును కదల్చుటకు బలము కావలెను. వస్తువులో పదార్థమెంత యెక్కువయో అంత యెక్కువ బలము కావలెను. ఇది మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. కాని నిలిచియున్న చక్రమును త్రిప్పుటకు పదార్థమెంతయని తెలిసిన చాలదు. ఆ పదార్థము ఇరుసునకు ఎంత దూరమున నున్నదో కూడ తెలియవలెను. తేలికయైన కఱ్ఱకు మధ్యను ఇరుసు పెట్టి, ఇరువైపుల పది సెంటీమీటర్ల దూరమున ఒక్కొక్క కిలోగ్రాము బరువును కట్టి త్రిప్పుడు. పిమ్మట ఆ బరువులనే ఇరువది సెంటీమీటర్ల దూరమునకు జరిపి త్రిప్పుడు. బరువు మారలేదు, దూరము రెండింతలయ్యెను, త్రిప్పుటకు కలుగు అడ్డంకి నాలుగింతలయ్యెను. ప్రతి కణముయొక్క ద్రవ్యరాశిని, ఇరుసునుండి దాని దూరముయొక్క వర్గముచే హెచ్చించి, అట్టి లబ్ధములన్నిటిని కూడగా వచ్చు మొత్తమే జడత్వ భ్రామకము. కుమ్మరి సారె అంచు బరువుగా నుండుట ఇందువలననే. ఒకసారి వేగము పుంజుకొనినచో మట్టిముద్దపై చేయి ఆనించినను అది వెంటనే ఆగిపోదు.

హాలెండు దేశీయుడైన హైగెన్సు 1673 లో ప్రకటించిన తన లోలక గ్రంథమున ఇట్టి మొత్తమునే ఉపయోగించెను గాని దానికి ప్రత్యేకమైన పేరు పెట్టలేదు. 1755 లో సెగ్నరు అను పండితుడు ప్రతి వస్తువునకును, ఆకారమెంత వంకరగా నున్నను, ఒకదానికొకటి లంబముగా మూడు స్థిరభ్రమణాక్షములు ఉండునని చూపెను. ఆయిలరు ఈ సంగతులనన్నిటిని ఒక్క సూత్రమున గ్రుచ్చి, 1765 లో దృఢవస్తువుల చలన సిద్ధాంతమను బృహద్గ్రంథమును లాటిను భాషలో ప్రకటించెను. జడత్వ భ్రామకమను పేరు ఈ గ్రంథమువలననే శాస్త్రమున స్థిరపడినది. కడ్డీ, బిళ్ళ, గోళము, స్తంభము, శంకువు మొదలగు ఆకారములకు దీనిని ఎట్లు గణింపవలెనో అందు విపులముగా చూపెను. నిండు బిళ్ళకు ఇది ద్రవ్యరాశిని వ్యాసార్ధ వర్గముచే హెచ్చించి సగము చేసినంత. పలుచని వలయమునకు సగము చేయకుండ నున్నంత. నిండు గోళమునకు అయిదింట రెండు పాళ్ళు. కావుననే ఒక బిళ్ళను, ఒక వలయమును వాలుబల్లమీద ఒకేసారి విడిచినచో, వాని బరువులు పరిమాణములు ఎట్లున్నను, బిళ్ళయే ముందుగా క్రిందికి చేరును. ఈ చిన్న పరీక్షకు యంత్రములు అక్కరలేదు. మన విద్యార్థులు ఇంటివద్దనే చేసి చూడవచ్చును.

ఇంతవరకు చెప్పినది కాగితముమీది లెక్క. వంకరయైన వస్తువునకును, ఆకులు కలిగిన చక్రమునకును ప్రతి కణమును వేరువేరుగా లెక్కించుట సాధ్యము కాదు. అప్పుడు కొలత కావలెను. ఫ్లైవీలు ప్రయోగము ఇందుకొరకే. దారమును ఇరుసుపై పది చుట్లు చుట్టి, అరకిలోగ్రాము తూనికరాయిని కట్టితిమనుకొందము. చక్రమును విడువగా రాయి ఒక మీటరు దిగి నేల తాకును. అదే క్షణమున దారము ఇరుసునుండి ఊడిపడును. ఆ క్షణమున స్టాప్‌వాచిని నడిపి, చక్రము ఆగిపోవువరకు చుట్లు లెక్కింపవలెను. నలుబది చుట్లు తిరిగి ఏబదియేడు సెకండ్లలో ఆగెననుకొందము. వేగము క్రమముగా తగ్గి సున్నయగుచున్నది గనుక, దారము ఊడిననాటి వేగము సగటు వేగమునకు రెండింతలు. ఆ లెక్కన కోణీయవేగము సెకండునకు 8.8 రేడియనులు. రాయి దిగుటలో ఇచ్చిన శక్తి 4.9 జౌలులు. అందులో రాయి తన చలనమునకు ఉంచుకొన్నది అత్యల్పము. మిగిలినదానిలో కొంత, దిగునప్పటి పది చుట్లలో ఇరుసు ఘర్షణకు ఖర్చయినది. శేషమంతయు చక్రభ్రమణములో నిలిచి, పిమ్మటి నలుబది చుట్లలో ఘర్షణవలన నశించినది. కావున ఒక్కొక్క చుట్టునకు ఘర్షణ ఎంత హరించునో అదియు తెలిసిపోవును. ఇట్లు లెక్కింపగా జడత్వ భ్రామకము సుమారు 0.10 కిలోగ్రాము మీటరు వర్గములని వచ్చును. తొమ్మిది కిలోగ్రాముల బరువును పదునైదు సెంటీమీటర్ల వ్యాసార్ధమును గల నిండు బిళ్ళకు సూత్రము చెప్పునదియు ఇంచుమించు ఇంతే.

ఈ ప్రయోగము చూచుటకు సులభము. చేయుటకు జాగ్రత్త కావలెను. ఇరుసు వ్యాసార్ధమునకు దారపు మందములో సగమును కూడ చేర్చవలెను. చుట్లు ఒకదానిపై నొకటి ఎక్కరాదు. రాయి నేలను తాకుటయు, దారము ఊడుటయు ఒకే క్షణమున జరుగునట్లు దారపు పొడవును సరిచేసికొనవలెను. ఆఖరి చుట్టు పూర్తికాక మునుపే చక్రము ఆగినచో ఆ భిన్నమును సుద్దగుర్తు చూచి వ్రాసికొనవలెను. ఒకే కొలతతో తృప్తిపడక, బరువును మార్చి, చుట్లను మార్చి, పలుమారులు చేసి సగటు తీయవలెను.

మరల ఆయిలరు చరిత్రమునకు వత్తము. 1766 లో కాథరీను చక్రవర్తిని ఆదరముతో పిలువగా ఆయన సెంట్ పీటర్స్‌బర్గునకు తిరిగిపోయెను. అప్పటికి వయస్సు ఏబదితొమ్మిది. కొలదికాలమునకే ఎడమకంటికి శుక్లము క్రమ్మెను. 1771 లో పట్టణమున గొప్ప అగ్నిప్రమాదము సంభవించి ఆయన ఇల్లు దగ్ధమయ్యెను. చూపులేని ఆ వృద్ధుని, బాసెలునుండి వచ్చి అచ్చట పనిచేయుచున్న పీటర్ గ్రిమ్ అను పనివాడు మంటలలోనికి చొచ్చి, వీపుపై మోసికొని వెలుపలికి తెచ్చెను. అదే సంవత్సరమున వైద్యులు కంటికి శస్త్రచికిత్స చేయగా చూపు వచ్చెను. ఆ సంతోషము కొన్ని దినములు మాత్రమే నిలిచెను. కన్ను చీముపట్టి, మరల చీకటియే మిగిలెను. 1773 లో నలువది సంవత్సరములు కాపురము చేసిన భార్యయు మరణించెను.

ఇట్టి స్థితిలో పని విరమించినచో ఆయనను ఎవరు తప్పుపట్టుదురు? కాని ఆయిలరు విరమింపలేదు. పెద్ద బల్లమీద సుద్దముక్కతో పెద్ద అక్షరములను వ్రాయుచు, మిగిలినదానిని నోటితో చెప్పుచుండగా, పెద్దకుమారుడును శిష్యులును వ్రాసికొనుచుండిరి. 1770 లో వెలువడిన బీజగణిత గ్రంథమును, గణితము నేర్వని ఒక దర్జీ కుర్రవానికి చెప్పి వ్రాయించెను. ఆ కుర్రవాడు వ్రాయుచు వ్రాయుచునే బీజగణితమును చక్కగా నేర్చుకొనెనట. ఆ గ్రంథమెంత సులభమైనదో దీనివలన తెలియగలదు. 1772 లో చంద్రగతిని గూర్చిన మహాగ్రంథము వెలువడెను. అందలి దీర్ఘగణనములలో అత్యధిక భాగము మనస్సులోనే చేయబడినవి. ఆయన రచనలు ఎనిమిది వందల అరువదికి పైగా లెక్కకు వచ్చినవి. వానిలో సగమునకు సమీపముగా ఈ అంధత్వ కాలమునాటివని చెప్పుదురు.

1783 వ సంవత్సరము సెప్టెంబరు 18 వ తేదీన ఆయన ఎప్పటివలెనే పనిలో నుండెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సులో ఎగిరిన ఆకాశగోళములు ఎంత యెత్తు లేవగలవను విషయమై లెక్క కట్టెను. రెండేండ్ల క్రితము హెర్షెలు కనుగొనిన క్రొత్త గ్రహముయొక్క మార్గమును గూర్చి శిష్యులతో ముచ్చటించెను. సాయంకాలము మనుమనితో నుండగా మెదడులో రక్తనాళము చిట్లి స్పృహ తప్పెను. ఆ రాత్రియే డెబ్బదియారేండ్ల వయస్సున తనువు చాలించెను.

ఆయన మరణముతో ఈ కథ ముగియలేదు. దృఢవస్తువుల గ్రంథమున ఆయిలరు ఒక విషయమును నిరూపించెను. తిరుగు వస్తువుయొక్క భ్రమణాక్షము దాని ఆకారాక్షమునకు రవంత ప్రక్కగా నున్నయెడల, అది ఆకారాక్షము చుట్టును మెల్లగా వలయముగా తిరుగును. ఈ వలయమునకు పట్టు కాలము వస్తువు జడత్వ భ్రామకములపై ఆధారపడును. భూగోళమునకు ఈ లెక్కను వర్తింపజేయగా ఆ కాలము సుమారు 305 దినములు, అనగా పది నెలలు. ఖగోళవేత్తలు నూరేండ్లకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచి, పది నెలల కదలికకై వెదకిరి. స్పష్టముగా ఏమియు దొరకలేదు. 1891 లో అమెరికా దేశమున చాండ్లరు అను నాతడు, భీమా సంస్థలకు లెక్కలు కట్టుచు జీవించుచు, తీరిక సమయమున ఖగోళ పరిశీలన చేయుచున్నవాడు, కొలతలు చెప్పుచున్నది పది నెలలు కాదు, సుమారు పదునాలుగు నెలలని ప్రకటించెను. పండితులు మొదట నమ్మలేదు. కాని కొలతలు నిలిచెను. నేటి లెక్కలో ఆ కాలము సుమారు 433 దినములు.

అట్లయిన ఆయిలరు లెక్క తప్పా? తప్పు కాదు. ఏమాత్రము లొంగని దృఢవస్తువునకు అది ముమ్మాటికి సరియైనది. భూమియే అట్టి దృఢవస్తువు కాదు. అది కొంచెము సాగును, కొంచెము లొంగును. దానిపై సముద్రములు కదలుచుండును. ఈ కారణముచే కాలము పొడిగినదని న్యూకోంబు అను ఖగోళవేత్త వెంటనే వివరించెను. లెక్కకును కొలతకును గల భేదమే భూగర్భమును గూర్చి మనకొక సత్యమును తెలిపినది. ఇట్టిదే మరియొకటి: అంతట ఒకే సాంద్రత గల గోళమునకు జడత్వ భ్రామకము ద్రవ్యరాశి వ్యాసార్ధ వర్గముల లబ్ధములో 0.40 వంతు కాగా, భూమికి అది 0.33 వంతు మాత్రమేయని తేలినది. పదార్థములో హెచ్చుపాలు అక్షమునకు దగ్గరగా, అనగా భూమి నడిబొడ్డున, దట్టముగా చేరియున్నదని దీని అర్థము. ఎవ్వరును త్రవ్వి చూడజాలని చోట ఏమున్నదో తిరుగుట చూచి తెలిసికొంటిమి.

ఇప్పుడు విద్యార్థులకు ఒక మాట చెప్పదలచినాము. ప్రయోగశాలలో కొందరు బాలురు కొలత వ్రాయుటకు ముందే పాఠ్యపుస్తకములోని సూత్రముతో సమాధానమును కట్టుకొని, తమ కొలతలు దానితో సరిపోవునట్లు ఒక చుట్టును తగ్గించియో, రెండు సెకండ్లను హెచ్చించియో వ్రాయుదురు. మార్కులు వచ్చునను ఆశయే ఇందుకు కారణము. ఇది చిన్న అపరాధమని వారు తలంతురు. చాండ్లరు కూడ తన అంకెలను 305 దినములకు సరిపోవునట్లు దిద్దియుండినచో, భూమి లొంగునను సంగతిని ఆ కొలతలు చెప్పియుండెడివి కావు. సూత్రమునకును కొలతకును భేదము వచ్చుట సిగ్గుపడదగినది కాదు. ఇరుసులో ఘర్షణ హెచ్చెనో, దారము జారెనో, చక్రము నిండు బిళ్ళ కాక అంచున బరువెక్కువ కలదియో, కారణమును వెదకుట విద్యార్థి ధర్మము. దిద్దిన అంకె ఎవ్వరికిని ఏమియు నేర్పదు.

కన్నులున్నప్పుడు ఆయిలరు గొట్టములను ప్రయోగము చేసి చూడుడని రాజుయొక్క పనివారిని కోరెను. కన్నులు పోయిన పిమ్మట మనోనేత్రముతో చంద్రుని వెంబడించెను. చూపు గల మనము మన ఎదుట తిరుగుచున్న చక్రముయొక్క చుట్లను ఉన్నవి ఉన్నట్లు లెక్కించి వ్రాయుదుము గాక. ఆ మహాశయుని స్మృతికి విద్యార్థులు చెల్లింపగల గౌరవము ఇంతకంటె వేరొకటి లేదని మా అభిప్రాయము.